రాజమండ్రి నుంచి హైదరాబాదు: గాల్లో గంట, గుమ్మం నుంచి తొమ్మిది గంటలు

రాజమండ్రి నుంచి హైదరాబాదుకి విమానంలో ఎంత దూరం, ఎంతసేపు పడుతుందని అడిగారు. నేరుగా కొలిస్తే 360 కిలోమీటర్లు ఉంటుంది. ప్రయాణం సుమారు గంట. పంకాలతో నడిచే చిన్న విమానం (ఏటీఆర్) అయితే ఇంకో పది నిమిషాలు వేసుకోండి.

ఈ లెక్క మధురపూడిలో ఉన్న రాజమండ్రి ఎయిర్‌పోర్టు దగ్గర ఉన్నవాళ్లకే పనికొస్తుంది. మాది అమలాపురం పక్క పల్లెటూరు. కోనసీమవాళ్లు ఇంటి గుమ్మం దగ్గర్నుంచే లెక్కేసుకోవాలి.

డిసెంబరు మొదట్లో కూకట్‌పల్లిలో మా చెల్లెలి సీమంతం. ముహూర్తం పదకొండున్నరకి. ముందురోజు రాత్రి రైలెక్కుదామని అమ్మ అంటే, "గంటలో దిగిపోతాం, ఎనిమిదిన్నర ఫ్లైట్ చాలు" అని టికెట్లు తీసింది నేనే. తెల్లవారుజామున నాలుగింటికి కారెక్కాం. కొత్తపేట దాటేసరికి మంచు. రావులపాలెం వంతెన మీద ముందు లారీ ఎర్రలైటు తప్ప ఏమీ కనపడలేదు. రెండు గంటల దారి, మధురపూడి చేరేసరికి ఏడైంది.

అక్కడ బ్యాగు తెరిపించారు. అంబాజీపేటలో ఏరి కొన్న కురిడీలు, అంటే ఎండు కొబ్బరికాయలు, అందులో ఉన్నాయి. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, దానంతటదే వేడెక్కి అంటుకోవచ్చు కాబట్టి విమానంలో పెట్టనివ్వరు. ఆ రూలు సబబే. కానీ కొబ్బరి పండే ఊళ్లవాళ్లు ఎక్కే ఎయిర్‌పోర్టులో ఆ మాట గేటు బయటే తెలుగులో పెద్ద బోర్డు మీద రాయొద్దా? కూతురికి చలిమిడితో పాటు ఒళ్లో పెట్టాల్సిన కురిడీలను అమ్మ కారు డ్రైవర్ చేతిలో పెట్టి వచ్చింది.

తర్వాత మంచుకి విమానం రాలేదు. "ఇంకో అరగంట" అని నాలుగుసార్లు చెప్పారు. అసలు సంగతి మొదటే చెప్పి ఉంటే ఫోన్ చేసి వేడుక కాస్త ఆలస్యంగా మొదలుపెట్టమని అడిగేవాళ్లం. పదిన్నర దాటాక ఎగిరింది. శంషాబాద్ నుంచి కూకట్‌పల్లికి మళ్లీ గంటంపావు. ఇంట్లో అడుగుపెట్టేసరికి ఒంటిగంట. మొదటి గాజులు అమ్మ తొడగాలి. చెల్లెలి అత్తగారే తొడిగేశారు. ఆవిడ తప్పేం లేదు, ముహూర్తం దాటిపోతుంది కదా. అమ్మ మాత్రం ఆ రోజు సరిగ్గా అన్నం తినలేదు.

ముందురోజు రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఉంటే తెల్లారేసరికి లింగంపల్లిలో దిగేవాళ్లం. ఆ రైలుకైనా మేం రాజమండ్రో కాకినాడో వెళ్లాల్సిందే, అమలాపురానికి రైలు లేదు. అమలాపురం మీదుగా రావాల్సిన కోటిపల్లి-నర్సాపురం రైల్వే లైను 57 కిలోమీటర్లే. 2000-01లో మంజూరైంది. ఇప్పటికీ గోదావరి పాయల మీద వంతెనల పనులంటూనే ఉన్నారు.

కాబట్టి కోనసీమ నుంచి వెళ్తుంటే, మంచు రోజుల్లో శుభకార్యానికైతే పొద్దుటి ఫ్లైట్ పెట్టుకోకండి. రాత్రి రైలెక్కండి. కురిడీలు కూడా మీతోనే వస్తాయి.