రెండో ఆదివారం రా, మాట్లాడకపోయినా పరవాలేదు

తల్లీ,

నీ మెసేజ్ మూడుసార్లు చదివాను. వేలూరు డాక్టరు ఆటిజం అని రాసిచ్చారని, ఇరవై ఆరేళ్లకు ఆ మాట విని ఏడవాలో, హమ్మయ్య అనుకోవాలో తెలియలేదని రాశావు. నాకు ఆ మాట యాభై నాలుగో ఏట తెలిసింది. అంతవరకు ఒక డాక్టరు డిప్రెషన్ అన్నారు, చుట్టాలు పొగరన్నారు. నీకు ఇంత తొందరగా తెలిసినందుకు నాకు సంతోషం.

‘నాలాంటివాళ్లు ఎక్కడుంటారు పెద్దమ్మా’ అని అడిగావు. మన పక్క వీధుల్లోనే ఉంటారు. బయటికి కనబడరు, అంతే. అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 1943లో ఆటిజం గురించి రాసినప్పుడు పదకొండు మంది పిల్లల సంగతి చెప్పాడు. వాళ్లలో ఆడపిల్లలు ముగ్గురే. ఆ తర్వాత చాలా ఏళ్లు డాక్టర్లు మగపిల్లల్లో కనబడే లక్షణాలనే వెతుకుతూ వచ్చారు. ఆడపిల్లలం దాచుకోవడం చిన్నప్పుడే నేర్చేసుకుంటాం.

మన గంగమ్మ జాతరలో బైరాగి, బండ, తోటి, దొర అని రోజుకో వేషం కడతారు కదా. ఆ రోజు గడిస్తే ఆ వేషం కడిగేసుకుంటారు. మనం ఏడాది పొడవునా వేషంలోనే ఉంటాం. కళ్లలోకి చూస్తున్నట్టు నటిస్తాం, నలుగురూ నవ్వాక నవ్వుతాం, చేతులు ఊపాలనిపిస్తే కొంగు కింద దాచుకుంటాం. ఇంటికి చేరేసరికి ఒంట్లో శక్తి ఉండదు. ఆ వేషం తీసేసి కూర్చోగలిగే చోటు ఒకటి కావాలి నీకు. నేను సంఘం అనేది దాన్నే.

మొదటిసారి నేను తప్పుగా మొదలుపెట్టాను. ఒక హాలు మాట్లాడి, పదిహేను మందిని పిలిచి, మైకు పెట్టించి, టిఫిన్లు తెప్పించాను. ట్యూబ్‌లైటు గుయ్యిమంటోంది, మైకు కీచుమంటోంది. అరగంటలో సగం మంది వెళ్లిపోయారు. ఒక అబ్బాయి మెట్ల మీద చెవులు మూసుకుని కూర్చున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనకోసం పెట్టిన మీటింగు మనమే తట్టుకోలేనట్టు పెట్టాను.

తర్వాత ఒక్కరితో మొదలుపెట్టాను. మా వీధిలో ఒక కుర్రాడు ఉన్నాడు, తిరుపతి స్టేషన్‌కు వచ్చే ప్రతి రైలు టైమూ అతనికి నోటికి వచ్చు. ప్రతి నెలా రెండో ఆదివారం పొద్దున ఆరున్నరకు యూనివర్సిటీలో చెట్ల కింద గంటసేపు నడిచేవాళ్లం. అతను రైళ్ల గురించి చెప్పేవాడు, నేను పాత పుస్తకాల గురించి చెప్పేదాన్ని, చాలాసార్లు ఇద్దరం ఏమీ మాట్లాడేవాళ్లం కాదు. నాలుగు నెలలకు ఇంకొకరు, ఏడాదికి ఐదుగురం అయ్యాం. చోటు మార్చలేదు, టైము మార్చలేదు. ఎవరొస్తున్నారో, ఎంతసేపు ఉంటామో ముందురోజు సాయంత్రమే అందరికీ మెసేజ్ పెడతాను. మధ్యలో లేచి వెళ్లిపోతే ఎందుకని ఎవరూ అడగరు. మాలో ఒకరు నోటితో మాట్లాడరు, ఫోన్‌లో టైప్ చేస్తారు. ఆయన టైప్ చేసేదాకా అందరం ఆగుతాం. పక్కనున్న వాళ్లమ్మను అడిగి జవాబు రాబట్టడం నాకు అస్సలు నచ్చదు.

గొడవలు కూడా వస్తాయి తల్లీ. మనం ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాం, వినేవాళ్లూ మనలాంటివాళ్లే. అప్పుడు ఎదురెదురుగా తేల్చుకోమనకు. ఇద్దరినీ రాసి పంపమను, రెండు రోజులు గడవనివ్వు.

పిల్లల తల్లిదండ్రుల గ్రూపులు వేరే ఉంటాయి. వాళ్ల కష్టం నిజమే, ఆ గ్రూపులు ఉండాలి కూడా. కానీ నీ గురించి వేరేవాళ్లు మాట్లాడుకునే చోట నీకు ఊరట దొరకదు. మీ చిత్తూరులో నువ్వూ ఇలా మొదలుపెట్టాలనుకుని, మొదటి మనిషి కావాలంటే నీ డాక్టరును అడుగు, నీలాంటివాళ్లు ఎవరైనా ఒప్పుకుంటే నీ నంబరు ఇవ్వమను. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే భవిత కేంద్రం టీచర్లనూ అడిగి చూడు. తాము చదువు చెప్పి పంపిన పిల్లల్లో ఇప్పుడు పెద్దవాళ్లయినవాళ్లు వాళ్లకు తెలిసి ఉండొచ్చు. మొదటిసారి ఎవరిని కలిసినా పగటిపూట, నలుగురు తిరిగే చోటే కలువు. మనం మనుషులను తొందరగా నమ్మేస్తాం. ఆటిజం తగ్గిస్తామని మందులు, పూజలు అమ్మేవాళ్లు ఎవరొచ్చినా గ్రూపులోకి రానివ్వకు. ఇది మందుతో పోయే జబ్బు కాదు.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. వికలాంగుల హక్కుల కోసం వచ్చిన 2016 చట్టంలో ఆటిజాన్ని వైకల్యాల జాబితాలో చేర్చారు. వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సదరం సర్టిఫికెట్‌కు స్లాటు ఎలా తీసుకోవాలో సచివాలయంలో చెబుతారు. రిజర్వేషన్‌కు వైకల్యం కనీసం నలభై శాతం ఉండాలి. సర్టిఫికెట్ తీసుకోవాలా వద్దా అన్నది నీ ఇష్టం, నిదానంగా ఆలోచించుకో.

కానర్ రాసిన ఆ పదకొండు మందిలో మొదటి పిల్లవాడు డొనాల్డ్ ట్రిప్లెట్. మిసిసిపీలో ఫారెస్ట్ అనే చిన్న ఊళ్లో బ్యాంకులో పనిచేశాడు, గోల్ఫ్ ఆడాడు, ఎనభై తొమ్మిదేళ్లు బతికి 2023లో పోయాడు. ఇంట్లో డబ్బుంది, అది నిజం. కానీ ఆయన తీరు తెలిసిన ఊరు కూడా ఆయన చుట్టూ ఉంది. ఆయన గురించి చదివినప్పుడల్లా నాకు మన చిన్న గుంపు గుర్తొస్తుంది.

పెళ్లి సంబంధాల గురించి అమ్మ పెట్టే టెన్షన్ నువ్వు మోయకు. నా చెల్లెలితో నేను మాట్లాడతాను.

వచ్చే రెండో ఆదివారం రా. చిత్తూరు నుంచి పొద్దున్నే బస్సెక్కాలంటే కష్టం, శనివారం సాయంత్రమే వచ్చి మా ఇంట్లో పడుకో. బస్సులో కిటికీ పక్కన కూర్చో, చెవుల్లో దూది పెట్టుకో. పొద్దున నలుగురం ఉంటాం, నీతో ఐదుగురు. నీలం చాప పరిచి ఉంటుంది, చెట్టుకు దగ్గరగా ఉండే చివర నీకోసం ఉంచుతాను. రైళ్ల కుర్రాడు నిన్ను పేరు అడగడు, నువ్వు ఏ బస్సుకు వచ్చావని అడుగుతాడు. ఏడున్నరకు లేస్తాం. చివరి నిమిషంలో రావాలనిపించకపోతే కారణం చెప్పక్కర్లేదు, ఆ పై నెల రెండో ఆదివారం కూడా అక్కడే ఉంటాం.

మీ పెద్దమ్మ
తిరుపతి