మోర్‌పంకి లోపల ఎండిపోతోందా?

ప్రశ్న: మా గేటు పక్కన రెండేళ్ల కిందట బంగారు థూజా (మోర్‌పంకి) నాటాం. నడుం ఎత్తు వచ్చింది. పైకి పచ్చగానే ఉన్నా, రెబ్బలు విడదీస్తే లోపలంతా గోధుమరంగు. ఎండినదంతా కత్తిరిస్తే మళ్లీ చిగురిస్తుందా?
– ఓ పాఠకురాలు, తిరుపతి

జవాబు: ముందు కత్తెర పక్కన పెట్టండి. పచ్చ రెబ్బ లేని ముదురు కొమ్మను కోస్తే ఈ మొక్క అక్కడ మళ్లీ చిగురు వెయ్యదు, ఆ బోడి అలాగే ఉండిపోతుంది. మందారాన్ని మోడు కొట్టినట్టు దీన్ని కొట్టకూడదు.

లోపలి రెబ్బలు మాత్రమే, చుట్టూ సమానంగా ఎండితే అది జబ్బు కాదు. ఎండ తగలని పాత రెబ్బలను మొక్కే వదిలేసుకుంటుంది. చేత్తో దులిపి తీసెయ్యండి. పేరుకుపోతే గాలి ఆడదు.

ఎండు బయటికి పాకితే ఒక తెల్ల కాగితం పట్టుకుని దానిపై రెబ్బను గట్టిగా తట్టండి. రాలిన దుమ్ములో చుక్కలు కదులుతున్నాయా? వేలితో రాస్తే ఎర్రటి గీత పడిందా? అది ఎర్రనల్లి. మార్చి నుంచి జూన్ దాకా, పొడి ఎండలో బాగా పెరుగుతుంది. పైపుతో లోపలి దాకా తగిలేలా ఉదయం పూట నీళ్లు కొడితే సగం పోతుంది. మిగిలినదానికి లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి వారానికోసారి మూడుసార్లు, సాయంత్రం చల్లండి. నడి ఎండలో చల్లితే మందే మొక్కను మాడుస్తుంది.

ఒక్క గోడవైపే మాడితే దోషం గోడది. పడమటి ఎండకు కాగిన సిమెంటు గోడ రాత్రి దాకా వేడి కక్కుతుంది. గోడకు కనీసం మీటరు దూరం ఉండాలి.

ప్రశ్న: ఇంటి ముందు పచ్చికలో ఒకే ఒక పొట్టి సూదాకు మొక్క పెట్టాలని ఉంది. చలి ప్రాంతాల్లో కనిపించే స్ప్రూస్ ఇక్కడ బతుకుతుందా? ఎలా నాటాలి?
– ఓ పాఠకుడు, చిత్తూరు

జవాబు: స్ప్రూస్ వద్దు, మన వేసవి దాటదు. క్రిస్మస్ చెట్టని అమ్మే అరకేరియా కుండీలో ముద్దుగా ఉంటుంది కానీ నేలలో పెడితే మేడను మించిపోతుంది. మీకు సరిపడేది ‘ఆరియా నానా’ రకం థూజానే. కోడిగుడ్డు ఆకారంలో, మొదలు నుంచే గుబురుగా ఉన్నది ఎంచుకోండి. ఒకే కాండం పొడుగ్గా సాగి, రెబ్బలు పలచగా ఉంటే అది గింజ మొక్క కావచ్చు. అది పొట్టిగా ఉండదు.

జూలై, ఆగస్టుల్లో నాటితే నవంబరు వానలకు వేరు నిలదొక్కుకుంటుంది. నర్సరీలకు పేరుపడ్డ కడియం వైపు నుంచి వచ్చే మొక్కల వేళ్లకు బంకమట్టి గడ్డ ఉండడం మామూలే. చాలామంది పొరపడేది ఇక్కడే. దాన్ని అలాగే మన ఎర్రనేలలో పాతితే గడ్డ ఎండి బిగుసుకుంటుంది, పోసిన నీళ్లు పక్కనుంచి జారిపోతాయి. పాదు తడిగా ఉన్నా మొక్క దాహంతో చస్తుంది. కాబట్టి గడ్డను బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి, పై పొరను వేలి మందాన మెల్లగా రాల్చండి. చుట్టలు తిరిగిన వేళ్లుంటే విడదీయండి.

గుంత అడుగున్నర లోతు, రెండడుగుల వెడల్పు చాలు. తవ్విన మట్టి రెండు పాళ్లకు ముతక ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలపండి. గడ్డ పైభాగం నేలకంటే రెండంగుళాలు ఎత్తున ఉండాలి, లేదంటే తుపాను వానకు పాదులో నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. మొదటి వేసవిలో మూడు నాలుగు రోజులకోసారి పది లీటర్లు పోయండి. వేరుశెనగ పొట్టు రెండంగుళాల మందాన పరిస్తే తేమ ఆగుతుంది. కాండానికి మాత్రం జానెడు దూరంలో ఆపండి, లేకపోతే చెదలు చేరతాయి.

పెద్ద వానలకు గుబురు తడిసి బరువెక్కి నాలుగు వైపులా విచ్చుకుంటుంది. అక్టోబరులోనే లోపలి కొమ్మలను జనపతాడుతో వదులుగా చుట్టి కట్టండి, జనవరిలో విప్పెయ్యండి.