ఇమ్యునోథెరపీ కోసం పొలం అమ్మాలా?

ప్రశ్న: మాది టంగుటూరు దగ్గర పల్లె. నాన్నకు 62 ఏళ్లు. నోటి క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత మళ్లీ తిరగబెట్టింది. ఇమ్యునోథెరపీ, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తే క్యాన్సర్‌తో పోరాడేలా చేసే నివోలుమాబ్ ఇంజెక్షన్లు పెట్టాలన్నారు. 5 లక్షల ఆరోగ్య బీమా ఉంది. రెండెకరాలు బేరం పెట్టాం. అమ్మేయమంటారా?

జవాబు: అప్పుడే వద్దండీ. ఈ మందు కొందరికి ఏళ్ల తరబడి పనిచేస్తుంది, చాలామందికి అసలు పట్టదు. ఆ సంగతి రెండు మూడు నెలల తర్వాత తీసే స్కాన్‌లో బయటపడుతుంది. అందాకా అయ్యే ఖర్చే ఇప్పుడు చూసుకోండి. నూటికి రెండు రూపాయల వడ్డీకి మాత్రం తేవద్దు, ఏడాదికి 24 శాతం అవుతుంది. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టండి, అంతకంటే బాగా తక్కువకే వస్తుంది.

డాక్టర్‌ను డోసు గురించి మొహమాటపడకుండా అడగండి. మామూలు డోసు రెండు వారాలకు 240 మిల్లీగ్రాములు. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు మీ నాన్నగారి లాంటి తల, మెడ క్యాన్సర్ రోగులకు మాత్రల చికిత్సతో పాటు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములే ఇచ్చి చూశారు. మాత్రలు మాత్రమే వాడినవారిలో ఏడాది తర్వాత బతికున్నది సుమారు 16 శాతం, ఇంజెక్షన్ కలిపినవారిలో 43 శాతం. ఇది మీకు తగునో లేదో చెప్పాల్సింది డాక్టరే. తగుతుందంటే, 40 మిల్లీగ్రాముల సీసాను ఒకేరోజు ఇద్దరు రోగులకు వాడే ఆసుపత్రి ఏదో కూడా కనుక్కోండి. సగం సీసా డబ్బుతోనే సరిపోతుంది.

పాలసీలో 'ఆధునిక చికిత్సలు' అన్న భాగం తీయండి. ఇమ్యునోథెరపీ అందులోకే వస్తుంది, దానికి విడిగా పరిమితి ఉండొచ్చు. సగం అని రాసుంటే మీ చేతికొచ్చేది రెండున్నర లక్షలే. చాలా క్లెయిములు చెడేది మాత్రం బిల్లు దగ్గర: మందు బయట షాపులో కొని ఓపీలో ఎక్కించుకుంటారు, కంపెనీ ఇవ్వనంటుంది. అరగంటలో ఎక్కే మందైనా డే కేర్ అడ్మిషన్ (ఆసుపత్రిలో చేరి ఆ రోజే ఇంటికి వెళ్లడం) రాయించి, ముందుగానే క్యాష్‌లెస్ అనుమతి తీసుకోండి. రెన్యువల్ తేదీ దాటనివ్వకండి. క్లెయిమ్ చేశారన్న కారణంతో రెన్యువల్ నిరాకరించే హక్కు కంపెనీకి లేదు.

ఒక లక్ష ముట్టుకోకుండా ఉంచండి. రోగనిరోధక శక్తి సొంత పేగుల మీద, ఊపిరితిత్తుల మీద తిరగబడితే ఆసుపత్రిలో చేర్చి స్టెరాయిడ్లు ఇవ్వాల్సి వస్తుంది, అది మందు ఆపిన నెలల తర్వాత కూడా రావొచ్చు. విరేచనాలు ఆగకపోయినా, ఆయాసం వచ్చినా ఒంగోలులో ఏ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లినా ఈ ఇంజెక్షన్ పేరు మొదట చెప్పండి.