ఐదేళ్ల బీటెక్–ఎంఎస్‌లో కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్: అమ్మాయిని పంపమంటారా?

ప్రశ్న: మాది గాజువాక. స్టీల్‌ప్లాంట్‌లో పనిచేస్తున్నాను. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో బీటెక్ కంప్యూటర్ సైన్స్, కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్‌లో (మనుషుల భాషను కంప్యూటర్‌కు నేర్పే చదువు) ఎంఎస్ కలిపి ఉండే ఐదేళ్ల కోర్సుకు పరీక్ష రాస్తానంటోంది. భాషలు చదివితే ఉద్యోగాలు వస్తాయా? ఇక్కడే విశాఖలో నాలుగేళ్ల ఏఐ–ఎంఎల్ (కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్) బీటెక్ చేయించడం మేలా? పోల్చి చెప్పండి. ఇంకో నాలుగేళ్లలో నాకు రిటైర్మెంట్.

జవాబు: ఈ కోర్సు గురించి అడిగే తండ్రులందరూ భాషల మాటతో మొదలుపెట్టి రిటైర్మెంట్ దగ్గర ఆగుతారు. జీతం ఆగేలోపు పిల్ల స్థిరపడుతుందా అన్నదే మీ బెంగ, అందులో తప్పేమీ లేదు. కాబట్టి ముందు డబ్బు సంగతి. చదువు అప్పు తీసుకుంటే వాయిదాలు సాధారణంగా కోర్సు అయిపోయాక మరో ఏడాది దాకా మొదలుకావు. ఐదేళ్ల కోర్సయితే ఆ ఐదేళ్లూ లెక్కలోకి వస్తాయి. ఈలోపు వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. సర్వీసులో ఉన్న నాలుగేళ్లూ నెలనెలా ఆ వడ్డీ కట్టుకుంటూ వస్తే తర్వాత మీ పీఎఫ్, గ్రాట్యుటీ మీద పడే భారం తగ్గుతుంది.

ఇక ఉద్యోగాలు. అమ్మాయికి వచ్చే బీటెక్ కంప్యూటర్ సైన్స్‌లోనే. అల్గారిథమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, ప్రోగ్రామింగ్ అన్నీ చదువుతుంది. వాటితో పాటు ధ్వనులు ఎలా పుడతాయి, మాటలు, వాక్యాలు ఎలా కట్టుకుంటాయి, ఇదంతా యంత్రానికి ఎలా నేర్పాలి అన్నది చదువుతుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్తే మిగతా సీఎస్ఈ పిల్లలను అడిగేవే ఈమెనూ అడుగుతారు. ఇది ఆర్ట్స్ కోర్సేమో అన్న భయం వదిలేయండి.

మీరు మేలేమో అనుకుంటున్న ఏఐ–ఎంఎల్ బ్రాంచి మీదే నాకు ఎక్కువ అనుమానాలు. ఆ రంగం మంచిదే, అనుమానం కాలేజీ తగిలించే పేరుబోర్డు మీద. చాలా కాలేజీల్లో మొదటి రెండేళ్లూ మామూలు సీఎస్ఈ పాఠాలే. తర్వాత నాలుగైదు సబ్జెక్టులు మార్చి బ్రాంచికి కొత్త పేరు పెడతారు. ఆ సబ్జెక్టులు చెప్పేవాళ్లలో ఎప్పుడైనా ఒక ఏఐ మోడల్‌ను స్వయంగా ట్రెయిన్ చేసినవాళ్లు ఎందరు? లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ పరీక్ష కోసం కాకుండా నిజంగా చెబుతారా? సీటు కొనేముందు ఈ రెండు ప్రశ్నలూ కాలేజీలో అడగండి. సరైన జవాబు రాకపోతే మామూలు సీఎస్ఈలోనే చేర్చండి, నష్టం లేదు.

కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్ మీద కూడా నాకు ఒక సందేహం ఉంది, దాచను. ఒకప్పుడు అనువాద యంత్రాలకు వ్యాకరణ సూత్రాలను మనుషులే రాసి ఇచ్చేవారు. అనుసారక వంటి మన దేశపు తొలి ప్రయత్నాలు పాణిని ఆలోచనల మీద నిలబడినవే. 2017లో ట్రాన్స్‌ఫార్మర్ అనే కృత్రిమ మేధ పద్ధతి వచ్చాక కథ మారింది. కుప్పలుతెప్పలుగా రాతలు పోస్తే యంత్రం తనంతట తానే నేర్చుకుంటోంది. సూత్రాలు రాసే ఉద్యోగం ఉంటుందనుకుని ఎవరైనా ఈ కోర్సులో చేరితే నిరాశే మిగులుతుంది.

అయితే ఆ కుప్పలు ఇంగ్లిష్‌కు ఉన్నంతగా మనకు లేవు. పత్రికల తెలుగు నేర్చుకున్న యంత్రం ముందు మన శ్రీకాకుళం అవ్వ ‘ఏటి సేస్తన్నావు’ అంటే అది తడబడుతుంది. కువి, సవర వంటి గిరిజన భాషల సంగతి చెప్పనే అక్కర్లేదు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఆ భాషలకు యంత్రాల్లో చోటు దొరకాలంటే, రాతలు తక్కువ ఉన్నచోట భాష తీరు తెలిసినవాళ్లు కావాలి. ప్రోగ్రామింగూ వచ్చి, భాష లోపలి కట్టూ తెలిసిన పిల్లలు నాకు కనిపించేది చాలా తక్కువ. ఈ పని ఎవరో ఒకరు చేయాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనూ ఉన్నాను.

మీరు అడగాల్సింది అడగనే లేదు. ఇందులో ఎంఎస్ పరిశోధనతో వచ్చేది. గైడ్ దగ్గర పనిచేసి థీసిస్ రాయాలి. అనుకున్న ప్రయోగం ఫలించకపోతే నెలలు దొర్లిపోతాయి, ఐదేళ్లు దాటే అవకాశమూ ఉంది. ర్యాంకులు, వారాంతపు పరీక్షలకు అలవాటుపడిన పిల్లలకు, జవాబు ఎవరికీ తెలియని ప్రశ్నతో కూర్చోవడం మొదట్లో నరకంలా ఉంటుంది. మీ అమ్మాయికి ఆ ఓపిక ఉందా?

ఇక్కడ కొంచెం కటువుగానే చెప్తాను సార్. మీరు రాసినదాంట్లో అమ్మాయి ఈ కోర్సు ఎందుకు కావాలంటోందో ఒక్క ముక్క లేదు. ఎంపీసీలో ఉన్న పిల్ల అందరూ పరిగెత్తే దారి వదిలి దీని పేరు ఎత్తిందంటే కారణం ఉండే ఉంటుంది. అడిగారా? ‘భాషలకు ఉద్యోగాలేంటి’ అని మొదటి మాటకే కొట్టిపారేసి ఉంటే, రెండోసారి ఆమె నోరు విప్పదు.

బడిపిల్లలకు పెట్టే భాషాశాస్త్ర పోటీ, పాణిని లింగ్విస్టిక్స్ ఒలింపియాడ్ పాత ప్రశ్నలు తెచ్చి ఒక ఆదివారం ఆమె ముందు పెట్టండి. తెలియని భాషలో కొన్ని వాక్యాలు, వాటి అర్థాలు ఇచ్చి లెక్క విప్పినట్టు సూత్రం పట్టుకోమంటారు. ముందస్తు చదువేమీ అక్కర్లేదు. భోజనానికి పిలిచినా లేవకపోతే పంపండి. గంటకే విసుగొస్తే ఒత్తిడి చేయకండి.

సీటు రాకపోయినా దిగులొద్దు. ఇక్కడే సీఎస్ఈ చేసి, తర్వాత మాస్టర్స్‌కు ఇటు తిరగొచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అనువర్తిత భాషాశాస్త్ర కేంద్రం ఉంది. జర్మనీలో ట్యూబింగన్, ష్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయాల్లోనూ ఈ చదువుంది. నాలుగేళ్లు ఆలస్యమైనా తలుపు మూసుకుపోదు.

రెండు దారులనూ పట్టికలా పోల్చలేదని అనుకోవద్దు. ఆ పట్టిక అమ్మాయి జవాబు తెలిశాకే వేయగలను. ఈసారి ఆమెనే రాయమనండి.