కొండే లేని ఊళ్లో గుహల ఇళ్ల పిచ్చి

అమలాపురం దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రి రాశారు: "మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ. సీఎస్‌ఈ అంటే వినదు, బి.ఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) అంటోంది. ఫోన్‌లో ఎప్పుడూ టర్కీలో కొండలు తొలిచిన ఇళ్లే. మూడేళ్ల కిందట మా మండువా ఇల్లు తీసేసి, టేకు స్తంభాలు అమ్మి స్లాబు వేసుకున్నాం. అప్పటి నుంచీ టేపు పట్టుకుని ఊళ్లో పాత ఇళ్లన్నీ కొలుస్తోంది. ఈ చదువు తిండి పెడుతుందా? రెండూ పోల్చి చెప్పండి."

పోలికకు ముందు ఒక మాటండీ. మండువాలో నాలుగు వైపుల నుంచీ వాన పడి తూములోంచి పోతుంటే చూస్తూ పెరిగిన పిల్ల. ఇల్లు పడగొట్టేముందు తనను ఒక్కమాట అడిగారా? ఆ కొలతల్ని పిచ్చి అనుకుని టెన్షన్ పడుతున్నది మీరే.

మీ అమ్మాయి చూసే టర్కీలోని కప్పడోకియాలో ఉన్నది అగ్నిపర్వతాల బూడిద గట్టిపడి తయారైన మెత్తటి రాయి. ఉలికి ఇట్టే లొంగుతుంది, గాలి తగిలాక గట్టిపడుతుంది. అందుకే అక్కడివాళ్లు కొండనే తొలిచి ఇల్లు చేసుకున్నారు. మనకు తవ్వితే ఒండ్రు, ఇంకాస్త తవ్వితే నీళ్లు. కాబట్టి ఎత్తరుగులు, తాటి దూలాలు, పెంకులు. మీ అమ్మాయికి ఈ లెక్క అర్థమైనట్టే ఉంది. ఓ ఆదివారం కామవరపుకోట దగ్గరి గుంటుపల్లి బౌద్ధ గుహలకు తీసుకెళ్లండి. అక్కడి గుండ్రటి చైత్యంలో, అంటే బౌద్ధుల ప్రార్థన మందిరంలో, నిలబడి తలెత్తితే, కప్పుకు రాతిలోనే చెక్కిన వాసాలు కనిపిస్తాయి. రాతికప్పుకు వాసాలతో పనేముంది? రెండు వేల ఏళ్లకు పైగా కిందటి ఆ శిల్పికి తెలిసిన ఇల్లు కర్రతో కట్టిన చుట్టిల్లు మరి!

నా అనుమానం వేరే చోట ఉంది. మట్టి ఇల్లు, గుహ ఇల్లు అంటూ ఇప్పుడు రీల్స్ మీద రీల్స్. వారం వర్క్‌షాపు, చేతికో సర్టిఫికెట్టు. రిసార్టుల్లో ఇనుప జాలీ మీద సిమెంటు పూసి, రాతి రంగేసి, కేవ్ రూమ్ అంటున్నారు. నా దగ్గరకొచ్చిన ఒక కుర్రాడు వీటి వెంటపడి మూడో ఏడు చదువు మానేశాడు. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం ఆర్కిటెక్చర్ కౌన్సిల్‌లో నమోదు కానివాళ్లు ఆర్కిటెక్ట్ అని పేరు పక్కన రాసుకోకూడదు. డిగ్రీ లేకుండా నమోదెలా అవుతుంది? ఇటలీలోని మతేరా గుహల్లో జనం తడిలో, పశువులతో కలిసి బతికేవారు. 1952లో చట్టం చేసి మరీ ఖాళీ చేయించారు. అవే 1993లో యునెస్కో జాబితాకెక్కాయి, ఇప్పుడు హోటళ్లయ్యాయి. రీల్‌లో హోటలే కనిపిస్తుంది. ఇది అమ్మాయికి చెప్పండి, తిట్టకుండా.

ఇక పోలిక. సీఎస్‌ఈ నాలుగేళ్లు, బి.ఆర్క్ అయిదేళ్లు. పాత కట్టడాల పరిరక్షణే కావాలంటే ఢిల్లీ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) లాంటి చోట పీజీ మరో రెండేళ్లు. మొదటి జీతాలు తక్కువే, దాచను. పురావస్తు శాఖలు, వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇన్‌టాక్ సంస్థ, ప్రైవేటు ఆఫీసులు ఉన్నాయి, ఆకలితో మాడిపోదు. మామూలు ఇళ్ల ప్లాన్లు గీసే పని ఎటూ ఉంటుంది. కొబ్బరితోట తాకట్టు పెట్టి మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్‌ఈ సీటు కొని, బ్యాక్‌లాగులు లెక్కపెట్టుకుంటున్న తండ్రులు నాకు బాగా తెలుసు.

విజయవాడ ఎస్‌పీఏ మీకు దూరమేం కాదు, ఒకసారి చూపించి రండి. వెళ్లేటప్పుడు ఆ కొలతల పుస్తకం కూడా పట్టుకెళ్లమనండి. మీ పాత మండువా కొలతలు అందులో ఉన్నాయేమో, దారిలో అడగండి.