అరటి తొక్క పొడితో బోరు నీళ్లు బాగవుతాయా?

అరటి తొక్కలు ఎండబెట్టి పొడి చేసి బిందెలో వేస్తే బోరు నీళ్లు శుద్ధి అవుతాయని వీడియోలో చూశానన్నారు, మీది ఉద్దానంలో కవిటి దగ్గర ఊరనీ ఇంట్లో కిడ్నీ పేషెంట్ ఉన్నారనీ కూడా రాశారు, అందుకే ముందే చెప్తున్నా, ఆ నీళ్లు ఆయనకి తాగించకండి ప్లీజ్.

పద్ధతి అబద్ధం కాదండి. శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినప్పుడు నా ప్రాజెక్ట్ ఇదే. జ్యూస్ షాపుల్లో తొక్కలు అడిగి తెచ్చి మేడ మీద ఆరబెట్టేదాన్ని, "ఏటే ఈ తొక్కలు, ఇల్లంతా ఈగలే" అని అమ్మ రోజూ గొడవ. ఫెళఫెళలాడేలా ఎండాక మిక్సీ పట్టి జల్లించి, మిథిలీన్ బ్లూ అనే రంగు కలిపిన నీళ్లలో వేసి కలిపితే గంటలో నీలం రంగు చాలావరకు పోయింది, ఆరోజు ఎంత సంతోషపడ్డానో. తొక్కలో పెక్టిన్ అనే జిగురు పదార్థం ఉంటుంది కదా, దానిలోని కార్బాక్సిల్ గ్రూపులనే ఆమ్ల భాగాలకి నీళ్లలో నెగటివ్ చార్జ్ వస్తుంది, పాజిటివ్ చార్జ్ ఉన్న సీసం, రాగి వచ్చి వాటికి పట్టుకుంటాయి. బ్రెజిల్ వాళ్లు 2011లో నది నీళ్ల మీదే ఇది చేసి చూపించారు.

కానీ ఫ్లోరైడ్‌ది కూడా నెగటివ్ చార్జే, ఉత్త పొడికి అది పెద్దగా చిక్కదు. సూక్ష్మజీవులు చావవు. పైగా మర్నాడు నా బీకర్ చూస్తే నీళ్లు టీ రంగుకి తిరిగి పులిసిన వాసన, అంటే తొక్కలో ఉన్నవన్నీ నీళ్లలోకి దిగాయి, అందులో పొటాషియం కూడా ఉంటుంది, అరటి తొక్కలో అది చాలా ఎక్కువ. కిడ్నీ పాడైనవాళ్లకి అది సరిగ్గా బయటికి పోదు, ఒంట్లో పెరిగితే గుండెకే ముప్పు. మా చిన్నాన్న రెండేళ్లు డయాలసిస్ మీద ఉన్నారు, చుట్టూ కొబ్బరి తోటలే, అయినా ఒక్క బొండాం తాగనిచ్చేవారు కాదు డాక్టర్లు.

కొబ్బరి చిప్పల నుంచి చేసే యాక్టివేటెడ్ కార్బన్ (ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు) వేరు, అది ఫిల్టర్లలో వాడేదే, ఇంట్లో కాల్చిన బొగ్గు దానికి సరిరాదు.

హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపుల్లో వచ్చే వంశధార నీళ్లు మీ వీధికి వస్తుంటే తాగడానికి అవే పట్టుకోండి. బోరు నీళ్లు మాత్రం గవర్నమెంట్ వాటర్ ల్యాబ్‌లో టెస్ట్ చేయించండి, ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు, సీసం 0.01 దాటకూడదు. రిపోర్ట్ వచ్చాక ఇక్కడ పెట్టండి, ఏ ఫిల్టర్ పనికొస్తుందో చూసి చెప్తాను.