డ్రాప్స్ అయిపోతే సిరప్ కూడా అదే కొలతలో వేయొచ్చా?

మీ బాబుకి తొమ్మిది నెలలు, 8 కిలోలు. జ్వరానికి డాక్టర్ గారు పారాసెటమాల్ డ్రాప్స్ 1.2 ఎంఎల్ రాశారు, అవి అయిపోయాయి, ఇంట్లో వాళ్ల అన్నయ్య వాడే 250 సిరప్ ఉంది, అదీ 1.2 వేయొచ్చా అని అడిగారు. అలా వేయకండి. మందు పేరు ఒకటే గానీ ఒక్కో ఎంఎల్‌లో ఉండే మందు వేరు. 120 సిరప్, 250 సిరప్ అంటే 5 ఎంఎల్‌లో అన్ని మిల్లీగ్రాముల మందు ఉందని.

మూడేళ్ల కిందట నేను ఇక్కడే తప్పు చేశాను. మా పాపకి అప్పుడు రెండున్నరేళ్లు, 11 కిలోలు. జ్వరమొస్తే 120 సిరప్ 5 ఎంఎల్ వేసేదాన్ని. ఆ రోజు మెడికల్ షాపులో సిరప్ లేదు, "ఇదీ అదే మందమ్మా" అని డ్రాప్స్ ఇచ్చారు. నేను లేబుల్ చూడలేదు. పాత సిరప్ కప్పుతోనే రాత్రి 5 ఎంఎల్ పోశాను, ఐదు గంటలయ్యాక ఒళ్లు మళ్లీ కాలుతుంటే ఇంకో 5 పోశాను. తర్వాత సీసా మూత పెడుతుంటే అడుగున కొంచెమే కనిపించింది. కొత్త సీసా రెండుసార్లకే ఎలా అయిపోయిందని లైటు వేసి చదివాను. ఒక్క ఎంఎల్‌కి 100 మిల్లీగ్రాములు. అంటే ఒక్కోసారి 500, పెద్దవాళ్లు వేసుకునే మాత్ర అంత!

పాప హాయిగా నిద్రపోతోంది. పొద్దున చూద్దాంలే అన్నారు ఇంట్లో. నాకు మనసొప్పలేదు, సీసాతో సహా ఆస్పత్రికి పరిగెత్తాం. ఎక్కువ డోసు పడిన పిల్లలు మొదటి రోజు మామూలుగానే కనిపించొచ్చని, లివర్ దెబ్బతిన్న సంగతి ఆ తర్వాత బయటపడుతుందని డాక్టర్ గారు చెప్పారు. దీనికి ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు ఉంది, 8 గంటల లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుందట. మా పాపకి దాని అవసరం రాలేదు. కానీ లివర్ పరీక్షలు నార్మల్ అని తేలేదాకా రెండు రోజులు పడ్డ టెన్షన్ ఎవరికీ వద్దు.

పిల్లలకి ఈ మందు బరువును బట్టి వేస్తారు. సాధారణంగా కిలోకి 15 మిల్లీగ్రాముల దాకా, రోజుకి నాలుగుసార్లు మించకుండా. మీ బాబుకి 120 మిల్లీగ్రాములు. డ్రాప్స్‌లో అది 1.2 ఎంఎల్, 120 సిరప్‌లో 5, 250 సిరప్‌లో 2.4. అంటే మీరు అనుకున్నట్టు వేస్తే సగం డోసే పడుతుంది, జ్వరం దిగలేదని మళ్లీ మళ్లీ వేయాలనిపిస్తుంది. మీ దగ్గరున్న సీసా మీద 5 ఎంఎల్‌కి 250 అనే ఉందో లేదో చూసి, డాక్టర్ గారికి ఒక్క ఫోన్ చేసి వేయండి. ఇంట్లో స్పూన్లు నమ్మకండి, ఎంఎల్ గీతలున్న సిరంజి కొనుక్కోండి. నేనైతే ప్రతి సీసా అట్టపెట్టె మీద "1 ఎంఎల్ = ఇంత" అని స్కెచ్ పెన్నుతో పెద్దగా రాస్తున్నాను, ఎన్నింటికి వేశానో కూడా.

జలుబు సిరప్ కూడా ఇస్తున్నారా? చాలావాటిలో పారాసెటమాల్ కలిసే ఉంటుంది, రెండూ ఇస్తే డోసు రెట్టింపవుతుంది. పైగా జలుబు మందుల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ జంటను నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడకూడదని లేబుల్ మీద రాయాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది.

ఎప్పుడైనా ఎక్కువ పడిందని అనుమానమొస్తే వాంతి చేయించకండి, సీసా పట్టుకుని వెంటనే బయల్దేరండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 116 117, ఫోన్‌లో సేవ్ చేసుకోండి.